బోర్డు మార్చాక కంప్యూటర్ లేవడం: ఒక రిపేరు పని చరిత్ర

మదర్‌బోర్డు మార్చిన కంప్యూటర్ మళ్లీ పనిలో పడాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది బోర్డు తనంత తాను మేలుకోవడం. కరెంటు అందాలి, ప్రాసెసర్ కదలాలి, ర్యామ్ కనబడాలి, తెర మీద అక్షరం పడాలి. రెండోది, పాత బోర్డుకు అలవాటుపడ్డ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త బోర్డును ఒప్పుకోవడం. మొదటి గడప దగ్గర ఆగిందంటే తప్పు తీగలోనో చిప్పులోనో ఉంటుంది. రెండో గడప దగ్గర ఆగితే చెడిపోయిన భాగం ఏదీ ఉండదు. అన్నీ బాగానే ఉంటాయి, యంత్రం మాత్రం లేవదు. మరమ్మతు పనివాళ్లను ఎక్కువగా ఏడిపించింది ఈ రెండో గడపే. కంప్యూటర్ తనలో ఏయే భాగాలున్నాయో రాసిపెట్టుకునే చోటు కాలంతోపాటు మారుతూ వచ్చింది. మొదట ఆ వివరం బోర్డు మీది స్విచ్‌లలో ఉండేది. తర్వాత బ్యాటరీతో బతికే చిన్న చిప్పులోకి, అక్కణ్నుంచి హార్డ్‌డిస్క్‌లోకి, ఇంకా తర్వాత కంపెనీ సర్వర్లలోకి చేరింది. బోర్డు మార్చినప్పుడు వచ్చే చిక్కు ఎప్పటికప్పుడు వేరుగా ఉండడానికి కారణం ఇదే.

ఐబీఎం సంస్థ 1981 ఆగస్టు 12న విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో ఈ వివరం కంటికి కనిపించేది, వేలికి తగిలేది. బోర్డు మీద ఎనిమిదేసి చిన్న స్విచ్‌ల వరసలు రెండు ఉండేవి. ఫ్లాపీ డ్రైవులు ఎన్ని, ర్యామ్ ఎంత, తెర రంగులదా కాదా, లెక్కల కోసం వేరే చిప్పు వేశారా లేదా అన్నవన్నీ ఆ స్విచ్‌లను అటూ ఇటూ జరిపి చెప్పాల్సిందే. బోర్డు మార్చేవాడు ముందుగా పాత బోర్డు స్విచ్‌లు ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుని, కొత్తదాని మీద అచ్చం అలాగే పెట్టేవాడు. పని అక్కడితో దాదాపు అయిపోయినట్టే. రోమ్ చిప్పుల్లో యంత్రాన్ని మేల్కొలిపే 8 కిలోబైట్ల ప్రోగ్రాము బయోస్, 32 కిలోబైట్ల బేసిక్ భాష ఉండేవి కాబట్టి, డ్రైవులో ఫ్లాపీ లేకపోయినా మీట వేస్తే కాసేపటికి బేసిక్ తెర వచ్చేది. అది వచ్చిందంటే బోర్డు నిలబడ్డట్టే.

ఆ బయోస్ రాసిన ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కితే యంత్రం మళ్లీ మొదలయ్యే ఏర్పాటు కూడా ఆయనదే. మీట వేయగానే బయోస్ ముందు తనను తాను పరీక్షించుకుంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఒక పొట్టి బీప్ కొడుతుంది. తెరకు సంబంధించిన కార్డు దొరక్కపోతే ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. తెర మీద ఏమీ పడని స్థితిలో యంత్రం మాట్లాడగలిగే భాష ఇదొక్కటే. తర్వాత బయోస్ తయారీదార్లు ఒక్కొక్కరు ఒక్కో బీప్ లెక్క పెట్టుకున్నా, చెవితో జబ్బు పట్టుకునే పద్ధతి అక్కడే మొదలైంది.

ఐబీఎం ఈ బయోస్ మూల ప్రోగ్రామును తన సాంకేతిక పుస్తకంలో అచ్చేసి అమ్మింది. దాన్ని యథాతథంగా వాడుకోవడం చట్టరీత్యా నేరం కాబట్టి, మూల ప్రోగ్రాము చూడని ఇంజినీర్లతో అదే పని చేసే బయోస్‌ను కాంపాక్ సంస్థ కొత్తగా రాయించుకుంది. ఫీనిక్స్ సంస్థ 1984లో అలాంటి బయోస్‌నే తయారుచేసి, అడిగిన ప్రతి కంపెనీకీ అమ్మింది. ఒక కంపెనీ యంత్రంలో వేరే కంపెనీ బోర్డు బిగించినా పాత ఫ్లాపీయే పనిచేసిందంటే ఆ పని వల్లే. బోర్డు అనేది మార్చుకోదగిన విడి భాగమైంది అప్పుడే.

ఆ రోజుల్లోని డాస్‌కు బోర్డు గురించి దాదాపు ఏమీ తెలియదు. డిస్కు నుంచి ఏదైనా చదవాలన్నా, తెర మీద రాయాలన్నా బయోస్‌ను అడిగేది. బయోస్ మారితే కొత్త బయోస్‌ను అడుగుతుంది, అంతే. అందుకే రెండో గడప అప్పటికి లేనట్టే. 1983 మార్చిలో ఐబీఎం ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్‌డిస్క్‌తో వచ్చినప్పుడు కూడా ఇబ్బంది రాలేదు. డిస్కును నడిపే కంట్రోలర్ బోర్డు మీద కాక విడి కార్డులో, తన సొంత రోమ్‌తో ఉండేది. బోర్డు మార్చి అదే కార్డును కొత్త బోర్డులో గుచ్చితే డిస్కు మామూలుగా లేచేది. కార్డును కూడా మారిస్తే మాత్రం డిస్కును అడుగు నుంచి మళ్లీ ఫార్మాట్ చేయాల్సి వచ్చేది. ఒక రకం కంట్రోలర్ రాసిన గుర్తులు ఇంకో రకానికి తరచూ అర్థమయ్యేవి కావు.

డిస్కు నుంచి బూట్ అయ్యే పద్ధతి అదే నెలలో వచ్చిన డాస్ 2.0తో ఖాయమైంది. డిస్కు మొట్టమొదటి సెక్టర్, అంటే 512 బైట్లు, మాస్టర్ బూట్ రికార్డు. అందులో 446 బైట్లు ఒక చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు నాలుగు భాగాల పట్టికకు, చివరి రెండు బైట్లు ఇది సరైన బూట్ సెక్టరేనని చెప్పే గుర్తుకు. బయోస్ ఈ సెక్టర్‌ను ర్యామ్‌లోకి తెచ్చి, గుర్తు చూసుకుని, పగ్గాలు దానికి అప్పగించేది. పాతికేళ్లకు పైగా ప్రపంచంలోని పీసీలు దాదాపు అన్నీ ఈ 512 బైట్ల మీదుగానే లేచాయి.

1984 ఆగస్టులో వచ్చిన ఐబీఎం ఏటీతో మొదటి పెద్ద మార్పు జరిగింది. స్విచ్‌ల స్థానంలో మోటరోలా వారి గడియారపు చిప్పు వచ్చింది. అందులోని 64 బైట్లలో 14 గడియారానికి పోగా మిగిలినవి యంత్రం వివరాలకు. ఈ సీమాస్ మెమరీ కరెంటు తీసేసినా బ్యాటరీతో నిలుస్తుంది. సౌకర్యమే, కానీ ఆ వివరాలు బోర్డుతో పాటే పోతాయి. కొత్త బోర్డు సీమాస్ ఖాళీగానో, వేరే యంత్రం వివరాలతోనో వస్తుంది. స్విచ్‌లైతే చూసి రాసుకోవచ్చు. చచ్చిపోయిన బోర్డు సీమాస్‌లో ఏముండేదో చూసే దారి లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డిస్కు కొలతలు: సిలిండర్లు ఎన్ని, హెడ్‌లు ఎన్ని, ఒక్కో ట్రాకులో సెక్టర్లు ఎన్ని. ఏటీ బయోస్‌లో డిస్కుల రకాలకు అంకెలు వేసిన పట్టిక ఒకటుండేది. 615 సిలిండర్లు, 4 హెడ్‌లు, 17 సెక్టర్ల 20 మెగాబైట్ల డిస్కు రెండో రకం. అక్కడ తప్పు అంకె వేస్తే మొదటి సెక్టర్ దొరికినా ఆ తర్వాత బయోస్ వెతికేది డిస్కులో వేరే చోట. యంత్రం సగం దారిలో ఆగిపోయేది. మొదట్లో ఈ వివరాలు నింపడానికి ప్రత్యేకంగా ఒక సెటప్ ఫ్లాపీ కావాలి, అది పోతే ఇంకో తలనొప్పి. తర్వాత వచ్చిన 386, 486 బోర్డుల్లో సెటప్ బయోస్‌లోనే ఇమిడిపోయి డిలీట్ మీటతో తెరుచుకుంది. కొలతలు చేత్తో కొట్టుకునే వీలున్న 47వ రకం కూడా చేరింది. డిస్కు మీది చీటీలో ఈ మూడు అంకెలు అచ్చై ఉండేవి. చీటీ చిరిగిపోకుండా చూసుకోవడం పనివాళ్లు పాటించిన మొదటి నియమం.

ఆ తరం బోర్డులు చావడానికి పెద్ద కారణం సీమాస్‌ను బతికించే బ్యాటరీయే. నీలిరంగు పీపాలా ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీని బోర్డుకే టంకం వేసి అతికించేవారు. కొన్నేళ్లకు అది కారి, ఆ క్షారం పక్కనున్న రాగి గీతలను తినేసేది. ఆకుపచ్చగా చిలుము పట్టిన మూల కనిపిస్తే ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత రూపాయి బిళ్లంత లిథియం సెల్లు, అందరికీ తెలిసిన 2032 సెల్లు, వచ్చి ఈ బెడద తీర్చింది.

డిస్కులు పెరిగేకొద్దీ కొలతల చిక్కు మరో రూపం ఎత్తింది. బయోస్‌కు, ఐడీఈ అనే కొత్త రకం డిస్కులకు వేర్వేరు హద్దులుండేవి. రెండూ కలిసి ఒప్పుకునే గరిష్ఠం 1024 సిలిండర్లు, 16 హెడ్‌లు, 63 సెక్టర్లు, అంటే 52.8 కోట్ల బైట్లు. 1994 ప్రాంతంలో డిస్కులు ఆ గీత దాటాయి. అసలు కొలతలను దాచి బయోస్‌కు నచ్చే దొంగ కొలతలు చూపించే ఏర్పాట్లు వచ్చాయి. సెటప్‌లో నార్మల్, లార్జ్, ఎల్‌బీఏ అని మూడు ఎంపికలు కనిపించేవి ఇందుకే. పాత బోర్డు లార్జ్ పద్ధతిలో నింపిన డిస్కును కొత్త బోర్డు ఎల్‌బీఏగా చదివితే బూట్ కాకపోవడం చిన్న నష్టం. పొరపాటున ఆ స్థితిలో డిస్కు మీద ఏదైనా రాయనిస్తే ఉన్న ఫైళ్లు చెడిపోతాయి. ఆటోమేటిక్‌గా గుర్తించడం నమ్మకంగా కుదిరేదాకా ఇది నిజమైన ప్రమాదంగానే ఉంది.

ఇదే కాలంలో మొదటి గడప కూడా తేలికైంది. ఏటీ తరం పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) నుంచి పీ8, పీ9 అనే రెండు ప్లగ్గులు వచ్చేవి, ఒక్కోదాంట్లో ఆరు తీగలు. రెండూ ఒకే ఆకారం కాబట్టి అటుదిటు గుచ్చే వీలుంది, అలా గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు. రెండు ప్లగ్గుల నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన కలవాలన్నది కంప్యూటర్ పని నేర్చుకునే ప్రతివాడికీ మొదటి పాఠం. ప్రాసెసర్ వేగం, వోల్టేజీ కూడా జంపర్లతో చెప్పాల్సిందే. 1997 నాటి పెంటియం ఎంఎంఎక్స్‌కు 2.8 వోల్టులు, అంతకుముందరి పెంటియంకు 3.3 వోల్టులు. కొత్తదానికి పాత వోల్టేజీ ఇస్తే మోయలేని వేడి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఒకే దిశలో పట్టే 20 పిన్నుల ప్లగ్గు ఇచ్చింది. పవర్ మీట ఇక కరెంటు తీగ మీద కాదు, బోర్డు మీది రెండు పిన్నుల మీద ఆధారపడుతుంది. కేసు లేకుండా బల్ల మీద బోర్డు పెట్టి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి బోర్డు బతికుందో లేదో చూసే పద్ధతి అప్పుడు వచ్చింది, ఇప్పటికీ ఉంది. పెంటియం 4తో ప్రాసెసర్‌కు విడిగా నాలుగు పిన్నుల ప్లగ్గు చేరింది. దాన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది.

తెలుగు నేలకు ఈ పని విస్తారంగా వచ్చింది 1990ల చివర, 2000ల తొలి ఏళ్లలో. అప్పటి ఇళ్లలో, నెట్ సెంటర్లలో, డీటీపీ సెంటర్లలో ఉన్న వాటిలో చాలావరకు అసెంబుల్డ్ కంప్యూటర్లే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, క్యాబినెట్ విడివిడిగా కొని బిగించుకోవడమో బిగింపించుకోవడమో మామూలు విషయం. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో హార్డ్‌వేర్ నేర్చుకున్న కుర్రాళ్లు జిల్లా కేంద్రాల్లో షాపులు పెట్టారు. వోల్టేజీ హెచ్చుతగ్గులు, దుమ్ము, వానాకాలంలో టెలిఫోన్ తీగ గుండా మోడెమ్‌లోకి దిగే పిడుగు బోర్డులను పొట్టన పెట్టుకునేవి. ‘డిస్‌ప్లే రావట్లేదు’ అంటూ వచ్చిన యంత్రానికి ముందు ర్యామ్ తీసి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చడం మొదటి వైద్యం. చాలాసార్లు అంతటితో తెర వెలిగేది. లేకపోతే రెండంకెల కోడు చూపించే డీబగ్ కార్డు గుచ్చి, స్వీయపరీక్ష ఎక్కడ ఆగిందో చదివేవారు. అప్పటికీ తేలకపోతే బోర్డు మార్పిడి.

విండోస్ 95, 98 ఉన్న యంత్రాలు కొత్త బోర్డు మీద సాధారణంగా లేచేవి. వాటి అడుగున డాస్ ఉంది, తమ డ్రైవర్ కుదరకపోతే అవి డిస్కు కోసం బయోస్ మీదికి వాలిపోయేవి. లేచాక మాత్రం కొత్త హార్డ్‌వేర్ కనబడిందంటూ ఒకదాని వెంట ఒకటి పెట్టెలు తెరుచుకునేవి, సీడీ పెట్టమనేవి. సీడీ డ్రైవుకు దారిచూపే డ్రైవరే ఇంకా ఎక్కకపోతే ఆ సీడీ చదవడం కుదరదు. అందుకే తెలిసిన పనివాళ్లు విండోస్ సీడీలోని ఫోల్డర్‌ను ముందే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఉంచేవారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, విండోస్ తన వివరాలు దాచుకునే రిజిస్ట్రీలో పాత భాగాల జాబితా ఉన్న ఎన్యుమ్ కొమ్మను చెరిపేస్తే విండోస్ అన్నిటినీ మొదటినుంచి వెతుక్కునేది.

బోర్డు మార్పిడికి ఒక వైరస్ కారణమైన ఘట్టం కూడా ఈ కాలానిదే. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్‌హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న లక్షల యంత్రాల్లో విరుచుకుపడింది. అది డిస్కు మొదటి భాగాన్ని సున్నాలతో నింపడమే కాక, కొన్ని బోర్డుల్లో ఫ్లాష్ చిప్పులోని బయోస్‌నే చెరిపేసింది. బయోస్ పోయిన బోర్డు బీప్ కూడా కొట్టలేదు. చిప్పును ఊడదీసి వేరేచోట మళ్లీ రాయించుకోగలిగినవాళ్లు బయటపడ్డారు, తక్కినవాళ్లు బోర్డే మార్చుకున్నారు.

అసలు కష్టం విండోస్ ఎన్‌టీ వంశంతో వచ్చింది. 1993లో విడుదలైన ఎన్‌టీని రకరకాల ప్రాసెసర్ల మీద నడిచేలా కట్టారు. అందుకోసం బోర్డుకూ వ్యవస్థకూ మధ్య హాల్ అనే పొర ఒకటి పెట్టారు. బోర్డుల తేడాలన్నీ ఆ పొరలో దాగాలన్నది ఉద్దేశం. కానీ ఏ హాల్ కావాలో నిర్ణయించేది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కసారే. కొత్త పద్ధతి పవర్ నియంత్రణ ఉన్న బోర్డుకు ఒక హాల్, లేనిదానికి ఒకటి, ఒక ప్రాసెసర్‌కు ఒకటి, రెండింటికి ఒకటి. బోర్డు మారి హాల్ సరిపడకపోతే యంత్రం మొదట్లోనే కొయ్యబారేది. ఎన్ని బోర్డుల మీదైనా నడవాలని పెట్టిన పొరే, ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు పోకుండా కాలికి అడ్డం పడింది.

2000లో విండోస్ 2000, 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఈ కష్టం ఇళ్లలోకి చేరింది. ఎక్స్‌పీ యంత్రంలో బోర్డు మార్చి మీట వేస్తే అంతా సరిగ్గానే మొదలవుతుంది. విండోస్ గుర్తు వస్తుంది, కింద నీలి పట్టీ కదులుతుంది. అంతలో నీలితెర ఒక్క మెరుపు మెరిసి యంత్రం మళ్లీ మొదటికొస్తుంది. ఆ తెరను ఆపి చదివితే కనిపించేది 7బి అనే లోపం: బూట్ అయ్యే డిస్కు అందడం లేదు. డిస్కు అందకపోతే ఇంతదాకా ఎలా వచ్చిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. సమాధానం ఇది. మొదటి ఫైళ్లను విండోస్ బయోస్ సాయంతోనే చదువుతుంది. ఆ తర్వాత విండోస్ బయోస్‌ను వదిలేసి తన సొంత డ్రైవర్‌తో డిస్కును పట్టుకుంటుంది. ఆ చేతులు మారే క్షణంలో కొత్త చిప్‌సెట్ గుర్తు విండోస్ జాబితాలో లేకపోతే పట్టు జారుతుంది. ఇంటెల్ చిప్పుల గుర్తు 8086, వయా చిప్పుల గుర్తు 1106. బోర్డు అదే కుటుంబానిదైతే యంత్రం ఎక్కువసార్లు లేచేది, వేరే కుటుంబానిదైతే నీలితెర.

దీనికి మూడు దారులుండేవి. పాత బోర్డు ఇంకా బతికి ఉంటే, దాన్ని తీసేముందే డివైస్ మేనేజర్‌లో డిస్కు కంట్రోలర్‌ను ఏ బోర్డుకైనా సరిపడే సాధారణ డ్రైవర్‌కు మార్చి యంత్రాన్ని ఆపేయాలి. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి ఇదే, కానీ బోర్డు చచ్చాక దీనితో పని లేదు. రెండోది, రకరకాల కంట్రోలర్ల గుర్తులను ముందుగానే రిజిస్ట్రీలో చేర్చే చిన్న ఫైలు. మూడోది రిపేర్ ఇన్‌స్టాల్. ఇక్కడ ఎక్స్‌పీ సీడీ ఒక తిరకాసు పెట్టింది. మొదటి తెర మీదే రిపేరుకు ఆర్ నొక్కమంటుంది. నొక్కితే వచ్చేది రికవరీ కన్సోల్, అది వేరే పనిముట్టు. మొదటి తెరలో ఎంటర్ కొట్టి, ఎఫ్8తో ఒప్పందాన్ని ఒప్పుకుని, పాత విండోస్ కనిపించిన తర్వాతి తెరలో ఆర్ నొక్కాలి. అప్పుడు హాల్, డ్రైవర్లు కొత్తగా పడి, ప్రోగ్రాములు, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఈ తేడా తెలిసిన మెకానిక్ ఖాతాదారు పనిని కాపాడాడు.

తెలియని చోట, తీరిక లేని చోట జరిగింది ఫార్మాట్. ‘ఫార్మాట్ కొట్టాలి’ అన్న మాట ఊరూరా వినపడింది. డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేసి, విండోస్ సిలో ఉంచి, ముఖ్యమైనవి డిలో దాచుకోమని చెప్పే ఆచారం దీన్నుంచే బలపడింది. కానీ డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ రెండూ సిలోనే ఉంటాయని చాలామందికి తెలియదు. తెరమీద కళ్లెదురుగా ఉన్న ఫొటోలే ముందు పోయేవి. డీటీపీ సెంటరులో ఒక్క ఫార్మాట్ అంటే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవడం. అచ్చుకు పోవాల్సిన శుభలేఖలు ఆగిపోయిన రోజు అది.

2000ల దశాబ్దంలో బోర్డు మార్పిళ్లు ఇన్ని జరగడానికి ఇంకో కారణం కెపాసిటర్లు. 1999 తర్వాత కొన్నేళ్లపాటు మార్కెట్లోకి వచ్చిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు చాలావాటిలో ద్రావణం కలపడంలోనే లోపం ఉంది. లోపల వాయువు పుట్టి, పైన కత్తిగాటు గీతలున్న మూత ఉబ్బి, గోధుమరంగు జిగురు పైకి తన్నేది. ప్రాసెసర్ చుట్టూ వరుసగా నిలబడ్డ వాటిలో రెండు ఉబ్బినా చాలు, యంత్రం ఉన్నట్టుండి ఆగిపోవడం, పొద్దున్నే లేవకపోవడం మొదలయ్యేది. పెద్ద కంపెనీలు కూడా తప్పించుకోలేదు. డెల్ సంస్థ ఈ బోర్డుల ఖర్చు కోసం 2005లో 30 కోట్ల డాలర్లు లెక్కలో చూపింది. టంకం చెయ్యి తిరిగిన మన పనివాళ్లు కెపాసిటర్లు మాత్రమే మార్చి ఎన్నో బోర్డులను నిలబెట్టారు. ఇది ఘనంగా చెప్పుకోవాల్సిన పనితనం. అలా నిలబెట్టిన బోర్డుకు 7బి బాధ కూడా లేదు.

ఎక్స్‌పీతోనే యాక్టివేషన్ వచ్చింది. అప్పటిదాకా యంత్రం వివరం యంత్రంలోనే ఉండేది, ఇప్పుడు దాని ముద్ర కంపెనీ దగ్గర కూడా పడింది. ఎక్స్‌పీ పది భాగాల గుర్తులు కలిపి ఒక సంఖ్య కట్టేది: ప్రాసెసర్, ర్యామ్ పరిమాణం, డిస్కు, తెర కార్డు, నెట్‌వర్క్ కార్డు, ఐడీఈ కంట్రోలర్ వగైరా. ఆ జాబితాలో మదర్‌బోర్డు పేరే లేదు. అయినా బోర్డు మారితే దాని మీదే ఉన్న నెట్‌వర్క్, తెర, డిస్కు కంట్రోలర్లన్నీ ఒకేసారి మారతాయి కాబట్టి ముద్ర కలవదు. అప్పుడు ఫోన్ చేసి 50 అంకెలు చదివి వినిపించి, తిరిగి 42 అంకెలు రాసుకుని కొట్టాల్సి వచ్చేది. యంత్రంతోపాటు వచ్చే ఓఈఎం లైసెన్సుల విషయంలో మైక్రోసాఫ్ట్ మదర్‌బోర్డునే కంప్యూటర్‌గా లెక్కించింది. చెడిపోయిన బోర్డు మారిస్తే పాత లైసెన్సు చెల్లుతుంది, మంచిది కావాలని మారిస్తే కొత్తది కొనాలి. సొంత డబ్బుతో కొన్న యంత్రాన్ని బాగుచేసుకున్నందుకు అనుమతి అడగాల్సి రావడం వాడకందారుకు జరిగిన అన్యాయమే. నకిలీ విండోస్ ఆ రోజుల్లో అంతగా పాతుకుపోవడానికి ధరతోపాటు ఈ విసుగు కూడా తోడైంది.

లైనక్స్ వేరే దారిలో నడిచింది. అది డ్రైవర్లను వెంట మోసుకుని, లేచిన ప్రతిసారీ ఏ భాగాలున్నాయో చూసుకునేది. 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ సీడీ ఏ యంత్రంలో పెట్టినా అప్పటికప్పుడు గుర్తుపట్టి లేచేది. విండోస్ లేవని యంత్రాల్లోంచి ఫైళ్లు బయటికి తీయడానికి మెకానిక్‌లు ఆ సీడీని సంచిలో పెట్టుకుని తిరిగారు. లైనక్స్‌కూ తన చిక్కులున్నాయి. బోర్డు మారితే డిస్కు పేరు మారి మూల విభాగం దొరక్కపోవడం, నెట్‌వర్క్ కార్డు పేరు ఇత్0 నుంచి ఇత్1కు మారి సర్వరు నెట్‌వర్క్‌కు అందకుండా పోవడం అందులో ముఖ్యమైనవి. డిస్కును పేరుతో కాక దాని విశిష్ట సంఖ్యతో గుర్తించడం వాడుకలోకి వచ్చాక మొదటి చిక్కు తీరింది.

మైక్రోసాఫ్ట్ కూడా నేర్చుకుంది. విస్టా నుంచి హాల్ ఎంపిక లేచిన ప్రతిసారీ జరుగుతోంది. అయితే విస్టా, విండోస్ 7 వాడని డిస్కు డ్రైవర్లను ఆపి ఉంచేవి. కొత్త బోర్డు సాటా అనే తర్వాతి రకం డిస్కును పాత ఐడీఈ రూపంలో కాక ఏహెచ్‌సీఐ అనే కొత్త రూపంలో చూపిస్తే అదే 7బి. బయోస్‌లో ఆ ఒక్క ఎంపికను పాత బోర్డులో ఉన్నట్టే పెడితే సమస్య తీరేది. తెలియక ఫార్మాట్ అయిన డిస్కులు ఎన్నో. విండోస్ 8 తర్వాత ఈ నీలితెర బాగా తగ్గింది. కొత్త బోర్డు మీద పాత డిస్కు పెడితే, పరికరాలను సిద్ధం చేస్తున్నామని కాసేపు చూపించి నేరుగా డెస్క్‌టాప్‌కు వెళ్లిపోవడం ఇప్పుడు మామూలు.

2005లో ఏర్పడ్డ ఫోరం ఆధ్వర్యంలో బయోస్ స్థానాన్ని యూఈఎఫ్‌ఐ తీసుకుంది. ఇంటెల్ 1990లలో ఇటేనియం ప్రాసెసర్ కోసం మొదలుపెట్టిన పని అది. ఇందులో 512 బైట్ల సెక్టర్ బదులు డిస్కులో ఒక చిన్న విభాగం, అందులో బూట్ ఫైళ్లు ఉంటాయి. ఏ ఫైలు నుంచి లేవాలన్న జాబితా మాత్రం బోర్డు చిప్పులో ఉంటుంది. అంటే పాత సీమాస్ కథే మళ్లీ మొదలైంది. కొత్త బోర్డుకు ఆ జాబితా తెలియదు. అప్పుడు అది డిస్కులో ముందే నిర్ణయించిన ఒక చోట, బూట్ అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది. విండోస్ అక్కడ తన ఫైలు నకలు పెడుతుంది కాబట్టి లేస్తుంది. అక్కడ నకలు లేని లైనక్స్ యంత్రాలకు జాబితాలో ఎంట్రీని చేత్తో రాయాలి. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు కొత్త బోర్డులో అసలు బూట్ జాబితాలోనే కనిపించకపోతే, పాత బయోస్‌ను అనుకరించే సదుపాయం ఆ బోర్డులో ఆపి ఉందనో తీసేశారనో అర్థం.

లైసెన్సు తాళంచెవి విండోస్ 8 నుంచి బ్రాండెడ్ యంత్రాల బోర్డు చిప్పులోకే చేరింది. సర్వీసు సెంటరులో బోర్డు మార్పించుకుంటే కొత్తదాంట్లో ఆ చెవి రాశారో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం. 2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 మార్పుతో లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడివేసుకునే వీలు కలిగింది. ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చానని సెట్టింగ్స్‌లో చెబితే కొత్త బోర్డుకు లైసెన్సు బదిలీ అవుతుంది. 50 అంకెల ఫోనుతో పోలిస్తే ఇది ఎంతో మేలు.

మొదటి గడపకు మాత్రం ఒక కొత్త సందేహం చేరింది. డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డులు మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌తో కుదిరే వేగాన్ని, సమయాలను పరీక్షించుకుంటాయి. ఆ కొద్ది నిమిషాలూ తెర నల్లగా ఉంటుంది. బోర్డు చచ్చిందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. మరో చిక్కు, బోర్డు కంటే తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ను పాత ఫర్మ్‌వేర్ గుర్తించకపోవడం. 2018లో ఈ కారణంగానే ఏఎండీ సంస్థ, బయోస్ కొత్తది చేసుకోవడానికి పాత ప్రాసెసర్లను కొనుగోలుదార్లకు అరువిచ్చింది.

నేటి అసలు అడ్డంకి తాళం. బోర్డు మీద ఉండే టీపీఎం చిప్పును 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 తప్పనిసరి చేసింది. డిస్కు మొత్తాన్ని గుప్తలిపిలో ఉంచే బిట్‌లాకర్ తన తాళంచెవిని ఆ చిప్పులో దాస్తుంది. 2024 నాటి విండోస్ 11 24హెచ్2తో, కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా యంత్రాల్లో ఈ గుప్తలిపి ఎవరూ అడగకుండానే మొదలవుతోంది. బోర్డు మారితే టీపీఎం మారుతుంది, పాతదాంట్లోని చెవి పోతుంది. నీలితెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఇక్కడ ఆర్ మీట లేదు, రిజిస్ట్రీ ఫైలు లేదు, సీడీ లేదు. ఆ అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, ఆఫీసు యంత్రమైతే ఐటీ విభాగం దగ్గరో ఉంటాయి. లేకపోతే డిస్కు ఎంత ఆరోగ్యంగా ఉన్నా అందులోని ఫైళ్లను మెకానిక్కే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. యంత్రం బాగా పనిచేస్తున్న రోజే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి భద్రపరచండి. బోర్డు మార్చే ముందు ఇంకేమీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి.